సరిహద్దు జిల్లాల క్లాసులో సైకాలజీ మొదటి పేపరు

ఆంధ్రా సరిహద్దును ఆనుకున్న ఒడిశా జిల్లాల్లో, పర్లాకిమిడి, బరంపురం, రాయగడ, జయపురం వైపు తెలుగిళ్లలో పిల్లలు ప్లస్ టూ గట్టెక్కి, ప్లస్ త్రీకి, అంటే డిగ్రీకి, సామ్స్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల ఫారం నింపేటప్పుడు సైకాలజీ పేరెత్తితే పెద్దవాళ్ల నుంచి సాధారణంగా రెండు ప్రశ్నలొస్తాయి. పిచ్చాసుపత్రి చదువా అని ఒకటి. ఎదుటివాడి మనసులో ఏముందో చెప్పేస్తావా అని రెండోది. మొదటి సెమిస్టరు పరిచయ పేపరుకు ఈ రెండింటితోనూ పెద్దగా పని లేదు. కంటికి కనిపించినదాన్ని మెదడు ఎలా అర్థం చేసుకుంటుంది, చదివింది ఎందుకు మరిచిపోతాం, భయం ఎలా అలవాటవుతుంది, పదిమందిలో పడ్డాక మనిషి ఎందుకు మారిపోతాడు, ఇవీ అందులో ఉండేవి. అన్నిటి వెనకా ఉండే ప్రశ్న ఒకటే. ఈ సంగతి నీకెలా తెలిసింది, ఎవరి మీద పరీక్షించి చెబుతున్నావు?

ఆ ప్రశ్నలో రెండో సగాన్ని సరిహద్దు జిల్లాల విద్యార్థి గట్టిగా పట్టుకోవాలి. పాఠ్యపుస్తకంలో తిరిగే మనిషి చాలావరకు ఒకే భాషలో పెరిగి, అమెరికాలోనో ఐరోపాలోనో కాలేజీ చదివే కుర్రాడు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు, సంత రోజున అవసరమైతే నాలుగు ముక్కలు కువి, సవర లాంటి గిరిజన భాషల్లో మాట్లాడే పిల్ల ఆ పుస్తకంలో ఎక్కడా కనపడదు. అయితే ఇక్కడో చిత్రం ఉంది. ఆ లోటును పూడ్చడానికి జరిగిన మంచి పరిశోధనల్లో కొన్ని ఒడిశా గడ్డ మీదే జరిగాయి. సరిహద్దు కాలేజీలో ప్రాక్టికల్ క్లాసు సరిగ్గా నడిస్తే, పుస్తకం చెప్పింది తమకు వర్తిస్తుందో లేదో పిల్లలు బెంచీ మీద కూర్చునే తేల్చుకోవచ్చు.

పేపరు వరస ఎక్కడైనా దాదాపు ఒకటే. 1879లో లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ పెట్టిన ప్రయోగశాలతో మొదలవుతుంది. తర్వాత నాడీకణాలు, పావ్‌లోవ్ కుక్క, స్కిన్నర్ పావురాలు, 1885లో అర్థం లేని అక్షరాలను బట్టీ పట్టి తన మరపును తానే లెక్కగట్టుకున్న ఎబింగ్‌హాస్, చివర్లో ఫ్రాయిడ్. కలకత్తా విశ్వవిద్యాలయంలో 1916లోనే ఎన్.ఎన్. సేన్‌గుప్తా ఆధ్వర్యంలో సైకాలజీ విభాగం మొదలైందన్న మాట ఒక వాక్యంలో వచ్చి పోతుంది. పరీక్షకు అంతవరకు చాలు. బజారు గైడ్లు కూడా అంతటితో ఆపేస్తాయి.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. 2003 నుంచి 2007 వరకు అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారి ఆరు ప్రధాన పత్రికల్లో వచ్చిన పరిశోధనలను సైకాలజిస్టు జెఫ్రీ ఆర్నెట్ లెక్క తీస్తే, వాటిలో పాల్గొన్నవాళ్లలో 96 శాతం పాశ్చాత్య, పారిశ్రామిక దేశాల వాళ్లేనని తేలింది. ఆ దేశాల జనాభా ప్రపంచంలో 12 శాతం. 2008లో ఆర్నెట్ ఈ లెక్క బయటపెట్టాక, 2010లో జోసెఫ్ హెన్‌రిచ్, స్టీవెన్ హైన్, ఆరా నొరెంజాయన్ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లి, ఆ కొద్దిమంది మిగతా మానవజాతికి నమూనా కాకపోగా చాలా విషయాల్లో అందరికంటే భిన్నంగా ఉంటారని వాదించారు. వాళ్లు చూపిన ఉదాహరణల్లో ముల్లర్-లయర్ గీతలు ఒకటి. రెండు సమానమైన గీతలకు కొసల్లో బాణాలు లోపలికీ బయటికీ తిప్పి గీస్తే ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా కనిపిస్తాయి. ప్రాక్టికల్స్‌లో దాదాపు అందరూ చేసేదే. 1966లో సెగాల్, క్యాంప్‌బెల్, హెర్స్‌కొవిట్స్ వేర్వేరు దేశాల్లో ఈ పరీక్ష పెడితే, అమెరికా నగరవాసులు బాగా మోసపోయారు, కలహారి ఎడారి వేటగాళ్లు దాదాపు మోసపోలేదు. చతురస్రపు గదుల్లో, మూలలున్న గోడల మధ్య పెరగడమే కారణమన్నారు. ఆ వివరణ సరైనదేనా అన్న వాదన ఈ మధ్య మళ్లీ రాజుకుంది కాబట్టి దాన్ని తుదితీర్పుగా రాసుకోకపోవడమే మంచిది.

ఇంతకంటే దగ్గరి ఉదాహరణ భువనేశ్వర్‌లో దొరుకుతుంది. అక్కడి పాతబస్తీలో రిచర్డ్ ష్వెడర్, ఎడ్మండ్ బోర్న్ అనే పరిశోధకులు ఒక సాదా పని చేశారు. మీకు తెలిసిన మనుషుల గురించి చెప్పండి అని అడిగారు. షికాగోలోనూ అదే అడిగారు. ఆమె స్నేహశీలి అని అమెరికన్లు ఎక్కువగా గుణం పేరు చెప్పారు. ఒడియా వాళ్లు మాత్రం, పండగ రోజుల్లో మా ఇంటికి పిండివంటలు తెస్తుంది అన్నట్టుగా, ఎవరికి, ఎప్పుడు, ఏం చేసింది అన్నది ఎక్కువగా చెప్పారు. 1984 నాటికి అచ్చయిన ఈ పరిశోధన పరిచయ పేపరులో వ్యక్తిత్వం పాఠం పక్కన ఉండాల్సింది. ఎందుకంటే ఆ పాఠమంతా గుణాల జాబితాలే. బహిర్ముఖుడు, అంతర్ముఖుడు, ఆందోళనపరుడు అంటూ పోతుంది. అయిదు గుణాల ప్రశ్నావళి చేతికిచ్చి, నేను కలుపుగోలు మనిషిని అన్న వాక్యానికి ఒకటి నుంచి అయిదు దాకా మార్కు వేసుకోమంటే, ఎవరితో అన్న అనుమానం ఇక్కడి విద్యార్థికి ముందు వస్తుంది. పెదనాన్న ముందు నోరు విప్పని కుర్రాడే ఆటో స్టాండులో అందరినీ నవ్విస్తుంటాడు. ఆ అనుమానాన్ని తెలివితక్కువగా తీసుకోకుండా క్లాసులో చర్చకు పెట్టే మేష్టారు దొరికితే ఆ పాఠం నిజంగా చెప్పినట్టే.

భాష విషయానికొస్తే, రెండు భాషల మధ్య పెరిగే పిల్లలకు బుర్ర గందరగోళమవుతుందని ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో చాలామంది పరిశోధకులు నమ్మారు. సరిహద్దు ఊళ్లలో కొందరు తల్లిదండ్రులు ఇప్పటికీ నమ్ముతున్నారు, ఇంగ్లీషు మీడియంలో వేశాక ఇంట్లో తెలుగు మానిపించేది అందుకే. 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ చేసిన పని ఆ నమ్మకాన్ని కదిలించింది. ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ వచ్చిన పదేళ్ల పిల్లలు ఒక భాషే వచ్చినవాళ్లకంటే తెలివి పరీక్షల్లో మెరుగ్గా చేశారు. కానీ అక్కడ ఒక ఇబ్బంది ఉంది. రెండు భాషలు బాగా వచ్చిన పిల్లలు బాగా చదువుకున్న ఇళ్ల నుంచే వచ్చారేమో, ఆ తేడా భాషదో ఇంటిదో ఎలా చెప్పడం?

ఆ ఇబ్బందికి ఒడిశాలో మంచి దారి దొరికింది. కంధమాల్ ప్రాంతంలో కోందు తెగవాళ్లు కొన్నిచోట్ల తమ సొంత భాష కుయి, ఒడియా రెండూ మాట్లాడతారు. కొన్నిచోట్ల కుయి పూర్తిగా పోయి ఒడియా ఒక్కటే మిగిలింది. తెగ ఒకటే, ఆచారాలు, బతుకుతెరువు ఇంచుమించు ఒకటే, భాషలోనే తేడా. ఈ రెండు గుంపుల పిల్లలను పోల్చి చూసిన అజిత్ మహంతి, రెండు భాషలున్న పిల్లలే భాష గురించి ఆలోచించే పరీక్షల్లోనూ, మరికొన్ని తెలివి పరీక్షల్లోనూ ముందున్నారని చూపించారు. 1980లలో మొదలైన ఈ పని 1994లో పుస్తకంగా కూడా వచ్చింది. ప్రయోగ పద్ధతి పాఠంలో అదుపులో ఉంచాల్సిన చలరాశులు (తేల్చాల్సిన తేడా తప్ప, సమానంగా ఉంచాల్సిన మిగతా సంగతులు) అంటూ ఎలుకలూ చిక్కుదారులూ చెప్పే బదులు ఈ ఒక్క ఉదాహరణ చెబితే కథ మొత్తం అర్థమైపోతుంది. దీన్ని పట్టుకుని రెండు భాషలొస్తే తెలివి పెరిగిపోతుందని ప్రచారం చేయడమూ పొరపాటే. రెండు భాషలు వచ్చినవాళ్ల ఏకాగ్రత మెరుగన్న వాదన తర్వాత పెద్ద సంఖ్యలో చేసిన కొన్ని అధ్యయనాల్లో నిలబడలేదు. ఇంటి భాష బుర్రకు చేటు అనడానికి ఆధారం లేదన్నది మాత్రం స్పష్టంగా చెప్పవచ్చు.

ఇక ప్రాక్టికల్. అంకెల జ్ఞాపకం పరీక్ష చాలా తేలిక. సెకనుకొకటి చొప్పున అంకెలు చదివి, అదే వరసలో తిరిగి చెప్పమంటారు. నాలుగు అంకెల వరసతో మొదలుపెట్టి ఒక్కొక్కటి పెంచుకుంటూ పోతారు. 1956లో జార్జ్ మిల్లర్ చెప్పిన, ఒక్కసారికి గుర్తుండేవి ఏడు, అటూ ఇటూగా రెండు అన్న మాట అందరూ బట్టీ పడతారు. దాని తర్వాతి కథ గైడ్లలో తక్కువ. సుమారు రెండు సెకన్లలో నోటితో అనగలిగినంత మేరే మనసు ఆ వరసను పట్టి ఉంచగలదని 1975లో బ్యాడ్లీ బృందం తేల్చింది. అంటే అంకె పేరు పొడుగైతే పట్టేవి తగ్గుతాయి. వేల్స్ పిల్లలు తమ భాషలో అంకెల పరీక్షలో వెనకబడడానికి, వెల్ష్ అంకెలు పలకడానికి ఎక్కువసేపు పట్టడమే కారణమని 1980లో ఎలిస్, హెన్నెలీ చూపించారు. పిల్లల తెలివిలో లోటేమీ లేదు.

ఇప్పుడు ఒకటి నుంచి తొమ్మిది దాకా పైకి పలికి చూడాలి. ఒకటి, నాలుగు, ఎనిమిది, తొమ్మిది. తెలుగులో ఈ నాలుగూ నాలిక మీద ఆగి ఆగి నడుస్తాయి. ఎనిమిదికి ఒక్కదానికే నాలుగు అక్షరాలు. ఒడియాలో ఏక, దుయి, తిని, చారి, పాంచ, ఛ, సాత, ఆఠ, న. దేనికీ రెండు మించవు. ఇంగ్లీషులో సెవెన్ తప్ప అన్నీ ఒక్క గుక్కే. కాబట్టి ఒకే అమ్మాయికి మూడు భాషల్లో ఈ పరీక్ష పెడితే మూడు స్కోర్లు రావచ్చు, తెలుగు స్కోరే అన్నిటికంటే తగ్గినా ఆశ్చర్యం లేదు. ఇంకో మెలిక కూడా ఉంది. ఇంట్లో ఎంత తెలుగు మాట్లాడినా ఫోన్ నంబరు మాత్రం అందరూ ఇంగ్లీషులోనే చెబుతారు, ఆ సాధన ఇంగ్లీషుకు కలిసొస్తుంది. మరి తేడాలో పొడుగు వాటా ఎంత, అలవాటు వాటా ఎంత? పరీక్షకు ముందు ప్రతి భాషలోనూ అంకెలను వీలైనంత వేగంగా చదివించి టైము రాసిపెట్టుకుంటే, ఆ ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది. తెలివి పరీక్షల్లో ఈ అంకెల భాగం ఉంటుంది కాబట్టి ఇది ఆటవిడుపు సంగతి కాదు. ఏ భాషలో పరీక్ష పెట్టారో అడక్కుండా స్కోరు చూసి పిల్లకు ముద్ర వేయడం ఎంత తప్పో ఇక్కడే తెలిసిపోతుంది.

స్ట్రూప్ పరీక్ష ఇంకా రంజుగా ఉంటుంది. 1935 నాటిది. ఎరుపు అన్న మాటను ఆకుపచ్చ సిరాతో రాస్తారు. మాట చదవకుండా సిరా రంగు చెప్పాలి. చదవడం అలవాటైన బుర్ర ముందు మాటనే చదివేస్తుంది, రంగు చెప్పడానికి తడబడుతుంది. స్కెచ్ పెన్నులు, తెల్ల కాగితాలు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. సరిహద్దు క్లాసులో తెలుగు లిపి కాగితం ఒకటి, నాలి, సబుజ, హళదియా అంటూ ఒడియా లిపి కాగితం ఒకటి, ఇంగ్లీషుది ఒకటి, మాటల బదులు గుండ్రాలున్న కాగితం ఒకటి తయారు చేసుకోవచ్చు. ఈ జిల్లాల్లో పుట్టుకతో తెలుగు మాట్లాడుతూ, ఒడియా బడిలో చదివి, తెలుగు అక్షరం ముక్క రానివాళ్లు బోలెడుమంది. అలాంటి కుర్రాడి చేతికి తెలుగు కాగితమిస్తే గుండ్రాల కాగితాన్ని దాటించినంత సులువుగా దాటించేస్తాడు. అమ్మ భాషే అయినా అతనికి అవి గీతలే. ఒడియా కాగితం దగ్గర మాత్రం ఇరుక్కుంటాడు. పక్కనే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం బళ్లో చదివి, మహేంద్రతనయ దాటి పర్లాకిమిడి వచ్చిన పిల్లకు సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది. అడ్డుపడేది చదివే అలవాటేనని దీనికంటే బాగా చూపించే ప్రయోగం ఒకే భాష ఉన్న ఊళ్లో చేయలేం. ఒడియా మాట చూస్తూ తెలుగులో రంగు చెప్పమంటే తడబాటు తగ్గుతుందిగానీ పూర్తిగా పోదు. రెండు భాషలతో చేసిన స్ట్రూప్ పరిశోధనల్లో 1960ల చివరి నుంచీ కనిపిస్తున్నది ఇదే.

అయితే చాలాచోట్ల ప్రాక్టికల్ రికార్డంటే నిరుటి సీనియర్ల నోటుబుక్కు చూసి అంకెలు దించేయడం. గ్రాఫు అందంగా, ఫలితం పుస్తకంలో ఉన్నట్టే వస్తుంది. వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఎవరూ పట్టుకోరు. ఈ పేపరుకు జరిగే అసలు నష్టం ఇదే. తలకిందులైన ఫలితం వచ్చిన రికార్డుకే ఎక్కువ మార్కులు వేయాలి, ఎందుకలా వచ్చిందో రాయగలిగితే.

ఇంకో పాఠం తుపాన్ల ప్రాంతానికి సొంతం లాంటిది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లా కొండలను ముంచేసింది. గాలి తగ్గి కరెంటు రాకముందే ఫోన్లలో ఓ పుకారు తిరుగుతుంది, దీని వెనకాలే ఇంకా పెద్దది వస్తోందట అని. భయంతో ఉన్నవాళ్లు ఇంకా భయపెట్టే మాటను ఎందుకు నమ్ముతారు, ఎందుకు పంచుతారు? ఈ ప్రశ్న 1934 జనవరి 15 నాటి బిహార్ భూకంపం తర్వాత సైకాలజీ పరిశోధకుడు జమునా ప్రసాద్‌కు వచ్చింది. కంపనం తెలిసినా నష్టం పెద్దగా లేని చోట్ల తిరిగిన పుకార్లను ఆయన సేకరించి 1935లో ప్రచురించారు. ఫలానా రోజున ప్రళయం, నీళ్లు ముంచేస్తాయి, మళ్లీ భూకంపం, అన్నీ ఇలాంటివే. తర్వాత డార్జిలింగ్‌లో కొండచరియలు విరిగి ఇళ్లు, ప్రాణాలు పోయిన చోట దుర్గానంద్ సిన్హా చూస్తే, అలాంటి పుకార్లు పెద్దగా లేవు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి అమెరికన్ సైకాలజిస్టు లియాన్ ఫెస్టింజర్ ఒక వివరణ ఇచ్చాడు. కళ్లెదుట విధ్వంసం ఉన్నవాడికి తన భయానికి కారణం ఉంది. భయం మిగిలి, కారణం కనపడనివాడికి మనసులో పొత్తు కుదరదు. ఆ భయానికి తగ్గ వార్త కావాలి, పుకారు ఆ లోటు తీరుస్తుంది. 1957లో ఆయన పేరు మోగించిన కాగ్నిటివ్ డిసొనెన్స్ (మనసులోని రెండు సంగతులకు పొత్తు కుదరనప్పటి ఇబ్బంది) సిద్ధాంతానికి దారి తీసిన ఆలోచనల్లో ఇదొకటి. మన విద్యార్థులు ఆ సిద్ధాంతాన్ని అమెరికా సరుకుగా బట్టీ పడతారు, పట్నా నుంచి వెళ్లిన ముడిసరుకు మాట గైడ్లో ఉండదు. తుపానుకు ఇల్లు పోయిన కొండ ఊళ్లో ఎక్కువ పుకార్లు తిరిగాయా, కొబ్బరిచెట్టు కూడా వంగని పట్నంలో తిరిగాయా అన్నది ఇక్కడి డిగ్రీ పిల్లలు ప్రాజెక్టుగా చేయదగ్గ పని.

ఒడిశా నుంచే వచ్చిన మరో పేరు సైకాలజిస్టు జె.పి. దాస్. కవిగా పేరున్న జె.పి. దాస్ వేరే ఆయన. ఈ దాస్ కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, తెలివిని ఒక్క అంకెగా కొలవడం సరికాదని, ప్రణాళిక, ధ్యాస, విషయాలను ఒకేసారి కలిపి చూడటం, ఒకదాని తర్వాత ఒకటిగా వరసలో పట్టుకోవడం అనే నాలుగు పనులుగా చూడాలని ప్రతిపాదించారు. దాని ఆధారంగా నాగ్లియెరీతో కలిసి తయారు చేసిన పరీక్ష 1997లో వచ్చింది.

పేరుమోసిన ప్రయోగాలన్నీ గట్టివే అనుకోకూడదు. కుర్రాళ్లను ఖైదీలుగా, కాపలావాళ్లుగా విడగొట్టి ఉత్తుత్తి జైలు నడిపిన 1971 స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగాన్ని ఇప్పటికీ, అధికారం చేతికొస్తే ఎవడైనా రాక్షసుడవుతాడన్న రుజువుగా చెబుతారు. రెండు వారాలనుకుని ఆరు రోజులకే ఆపేసిన ఆ ప్రయోగంలో కాపలావాళ్లకు ఎలా నడుచుకోవాలో ముందే సూచనలు అందాయని 2019లో తిబో లె టెక్సియే పాత టేపులూ కాగితాలూ తవ్వి చూపించారు. ఎదురుగా పెట్టిన మిఠాయి తినకుండా కాసేపు ఆగిన పిల్లలే పెద్దయ్యాక రాణిస్తారన్న కథ 2018లో ఎక్కువమంది పిల్లల మీద మళ్లీ చూస్తే, ఇంటి పరిస్థితి లెక్కలోకి తీసుకున్నాక చాలావరకు కరిగిపోయింది. 2015లో వంద పరిశోధనలను తిరగ చేస్తే గణాంకాల ప్రకారం నిలబడ్డవి 36 శాతమే. ఇవి చూసి సైకాలజీ అంతా డొల్ల అనేవాళ్లున్నారు. తన తప్పును తానే లెక్కగట్టి అచ్చేసుకునే శాస్త్రం మీద ఆ మాట చెల్లదు. పాతికేళ్ల కిందటి నోట్సు అలాగే చెప్పే క్లాసు మీదైతే చెల్లుతుంది.

రాత పరీక్షలో తెలుగు పిల్లలకు అదనపు బరువు ఒకటుంది. ఇంట్లో ఆలోచించే భాష ఒకటి, జవాబు రాసేది ఇంగ్లీషులోనో ఒడియాలోనో. భావం తెలిసీ వాక్యం కుదరక మార్కులు పోతుంటాయి. ఇదే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర పిల్లలకు వాళ్ల భాషలోనే పాఠం చెప్పాలని పట్టుబట్టి, సవర నేర్చుకుని, సొంత డబ్బుతో బడులు పెట్టారు. 1936లో ఒడిశా ఏర్పడి ఊరు అటు వెళ్లాక ఆయన రాజమండ్రి చేరారు. క్లాసులో జవాబు ముందు తెలుగులో మాట్లాడించి, తర్వాత ఇంగ్లీషులో రాయించే ట్యూటోరియల్ గంట ఒకటి పెడితే కాలేజీకి పైసా ఖర్చు లేదు.

ఇక ఉద్యోగం మాట. పరిచయ పేపరుతో కాదు సరికదా, డిగ్రీతో కూడా ఎవరూ కౌన్సెలర్ బోర్డు పెట్టకూడదు. మందులు రాసే సైకియాట్రిస్టుది ఎంబీబీఎస్, ఆ పైన ఎండీ దారి. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే భారత పునరావాస మండలి గుర్తించిన కోర్సు చేసి రిజిస్టర్ కావాలి. మామూలు ఎం.ఏ. సైకాలజీ దానికి సరిపోదు. స్కూలు, హెచ్‌ఆర్, పరిశోధన, బోధన వైపు వెళ్లేవాళ్లకు ఎం.ఏ. పనికొస్తుంది. ఇక్కడి తెలుగు విద్యార్థులు ముఖ్యంగా గమనించాల్సింది ఇంకోటుంది. ఆంధ్రాలోని ఏదో విశ్వవిద్యాలయంలో దూరవిద్యలో తెలుగు మీడియం సైకాలజీ కడదామనుకునేవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది. అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం 2021 కిందికి వచ్చే కోర్సులతో పాటు సైకాలజీని కూడా దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో చెప్పకూడదని, 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి యూజీసీ ఆపేసింది. కాబట్టి ఎవరైనా ఏజెంటు దూరవిద్య సీటు ఉందని ఫీజు అడిగితే, డబ్బు కట్టే ముందు యూజీసీ సైట్లో ఆ విశ్వవిద్యాలయానికి ఆ కోర్సు అనుమతి ఉందో లేదో చూసుకోవాలి. చదువు సంగతి అటుంచి, పరీక్షల టెన్షన్‌తోనో ఇంకే దిగులుతోనో నిద్ర పట్టని విద్యార్థికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలిమానస్ 14416 నంబరు రోజంతా పనిచేస్తుంది, ఫోను ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు.